గడ్డి మిషన్ మొరాయిస్తే ఎవరి తప్పు?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు విన్నారు, రికవరీ లెక్కలు విన్నారు. నన్ను మాట్లాడమన్నది ఇంజను గురించి. పదో తరగతి చదివిన దానివి, నీకు ఇంజను సంగతి ఏం తెలుసు అని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. మనం అప్పు తెచ్చి కొన్న మిషన్లు ఇవి. వాయిదా కట్టేది మనం. మిషన్ ఆగిపోతే బాడుగ ఆగుతుంది, వాయిదా మాత్రం ఆగదు. అందుకని దాని లోపల ఏముందో మనకి తెలిసి ఉండాలి.

మన సంఘాల దగ్గర ఉన్నవి ఎక్కువగా భుజాన తగిలించుకుని గడ్డి కోసే బ్రష్ కట్టర్లు. గూడూరు వైపు నిమ్మతోటల్లో, వరి గట్ల మీద, నేపియర్ మళ్ళలో పనిచేసేవి అవే. కల్యాణ మండపం లాన్ కాంట్రాక్టు తీసుకున్న సంఘం వాళ్ళ దగ్గర నాలుగు చక్రాల లాన్ మూవర్ ఉంది. కలుపు తీసే పవర్ వీడర్లు కూడా ఉన్నాయి. చూడ్డానికి వేరువేరుగా ఉన్నా అన్నిటిలో ఉన్నది చిన్న పెట్రోలు ఇంజనే. వాటికొచ్చే జబ్బులు కూడా ఇంచుమించు ఒకటే.

మన వైపు గడ్డి పని ముమ్మరంగా ఉండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఈశాన్యం వానలప్పుడు. పోయిన అక్టోబరులో మొదటి వాన పడగానే మా సంఘం మిషన్ బయటికి తీశాం. తీసుకెళ్ళింది మాలో ఒక పిన్ని. పాతిక సెంట్ల నేపియర్, రెండు బర్రెలు ఆమె ఆస్తి. రెండో రోజు మిషన్ తెచ్చి ఆఫీసు అరుగు మీద పెట్టి, "ఇది సరిగ్గా నడవడం లేదమ్మా, గుర్రుమని లేస్తుంది, మళ్ళీ పడిపోతుంది, రేజ్ ఇస్తే ఆగిపోతుంది" అంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను విప్పకుండానే కార్బొరేటర్ పోయింది, కొత్తది వెయ్యాలి, రెండు వేల చిల్లర అవుతుంది అన్నాడు.

ఆ వారం మీటింగులో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, మీ సంఘాల్లోనూ జరిగే ఉంటుంది. చాలా సంఘాల్లో ఒక కట్టుబాటు ఉంది: మిషన్ ఎవరి చేతిలో చెడిపోతే రిపేరు వాళ్ళే పెట్టుకోవాలి. "ఆమె చేతికి వెళ్ళే దాకా బాగానే ఉంది" అని ఇద్దరు అన్నారు. ఆ పిన్ని ఏమీ మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. రెండు వేలంటే ఆమెకి ఎన్ని రోజుల పాల డబ్బులో లెక్క వేసుకుంటోందని నాకు అర్థమైంది. తీర్మానం వారం వాయిదా వేద్దాం, ముందు మిషన్ విప్పి చూద్దాం అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. కొందరు ఇష్టం లేకుండానే అనుకోండి.

విప్పితే ఏం తేలిందో చెప్తాను. అంతకు ముందు ఇంజను ఎలా నడుస్తుందో రెండు మాటలు.

గ్యాస్ పొయ్యి మీకు తెలుసు. గ్యాసూ గాలీ సరిగ్గా కలిస్తే మంట నీలంగా వస్తుంది. బర్నరులో మసి పట్టి గాలి తగ్గితే మంట పసుపు పచ్చగా వచ్చి గిన్నె అడుగు నల్లబడుతుంది. ఇంజనూ అంతే. పెట్రోలు, గాలి కలిసి లోపలికి వెళ్ళాలి. ఆ రెండిటినీ కొలతగా కలిపేది కార్బొరేటర్. కలిసిన దాన్ని వెలిగించేది ప్లగ్గు. వెలిగాక పొగ సైలెన్సర్ గుండా బయటికి పోవాలి. పెట్రోలు, గాలి, నిప్పు, పొగ దారి. ఇంజను మొరాయించిందంటే ఈ నాలుగింటిలో ఎక్కడో అడ్డం పడింది. చూసేటప్పుడు సులువైన దాని నుంచి కష్టమైన దాని దగ్గరికి వెళ్ళాలి. పొయ్యి సరిగ్గా మండకపోతే ముందు సిలిండర్ అయిపోయిందేమో చూస్తాం గానీ పొయ్యి విప్పం కదా. కార్బొరేటర్ వంతు చివర.

చెవి పెట్టి వింటే సగం సంగతి ఇంజనే చెప్తుంది. రేజ్ ఒకేలా పట్టుకున్నా శబ్దం పెరిగి తగ్గి, పెరిగి తగ్గి, ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంటే పెట్రోలు చాలడం లేదని, లేదా ఎక్కడి నుంచో దొంగగాలి పీలుస్తోందని. నల్ల పొగ వదులుతూ బరువుగా, ముక్కు మూసుకుపోయిన మనిషిలా నడుస్తుంటే పెట్రోలు ఎక్కువై గాలి తగ్గిందని. మధ్య మధ్యలో టప్‌మని ఒక దెబ్బ తప్పిస్తుంటే, మెకానిక్‌లు మిస్సింగ్ అంటారు చూడండి, అది ఎక్కువగా ప్లగ్గు వైపు. పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆగి, కాసేపు ఆగాక మళ్ళీ నడిస్తే అది వేరే కథ, దానికి వస్తాను.

ముందు పెట్రోలు. నా అనుభవంలో పది మిషన్లు మొరాయిస్తే ఎక్కువ వాటికి కారణం ఇదే. పెట్రోలు కూడా పాచిపోతుంది. ఇది మనలో చాలామందికి తెలీదు, ఎందుకంటే బండిలో పోసింది వారంలో అయిపోతుంది. మిషన్ ట్యాంకులో, మూలన పెట్టిన క్యానులో నెలల తరబడి ఉంటే దానిలో తేలిగ్గా మండే భాగం గాలిలోకి పోతుంది, మిగిలింది జిగురుగా తయారై కార్బొరేటర్ సన్న రంధ్రాల్లో పేరుకుంటుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలుపుతున్నారు. ఎథనాల్‌కి గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. తేమ ఎక్కువైతే నీళ్ళూ ఎథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి చేరతాయి. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచే. ఇంజనుకి అందేది ఇంక పెట్రోలు కాదు, నీళ్ళ చార.

దీన్ని చూడ్డానికి చదువు అక్కర్లేదు. ఇంజను పూర్తిగా చల్లారాక, పొయ్యికి, బీడీకి దూరంగా, ఆరుబయట ట్యాంకులో పెట్రోలు ఒక తెల్ల గాజు సీసాలోకి వంచండి. పావుగంట కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనపడితే, బుడగల్లా నీళ్ళ చుక్కలు దొర్లుతుంటే, రంగు ముదిరి వార్నిష్ వాసన వస్తుంటే ఆ పెట్రోలు పనికిరాదు. కొత్త పెట్రోలు పక్కన పెట్టి వాసన చూస్తే తేడా ముక్కే చెప్తుంది. పని అయ్యాక ఆ సీసాని ఇంట్లో నీళ్ళ సీసాల దగ్గర పెట్టొద్దు. పిల్లలు తాగితే ఇంజను సంగతి తర్వాత, ఆస్పత్రికి పరిగెత్తాలి.

మా మిషన్‌లో దొరికింది ఇదే. ట్యాంకులోదే కాదు, ఆఫీసులో ఉన్న క్యాను కూడా అంతే. ఆ క్యాను నింపింది మార్చిలో. రిజిస్టరులో ఖర్చు రాసి ఉంది కాబట్టి తేదీ తెలిసింది. వేసవి అంతా రేకుల కింద ఉడికిన పెట్రోలు అది. ఆ పిన్ని కాకుండా ఎవరు ముందు తీసుకెళ్ళినా మిషన్ అలాగే మొరాయించేది. పాత పెట్రోలు పారబోసి, పైపు చివర ఫిల్టరు మార్చి, ప్లగ్గు శుభ్రం చేసి, కొత్త పెట్రోలు పోసి, రబ్బరు బుడ్డిని పదిసార్లు నొక్కి లాగితే మొదట కాసేపు దగ్గింది, ఇరవై నిమిషాల తర్వాత గొంతు సవరించుకుంది. కార్బొరేటర్ అదే, ఇప్పటికీ అదే.

పెట్రోలు విషయంలోనే ఇంకో ముఖ్యమైన మాట. మన మిషన్లు రెండు రకాలు. టూ స్ట్రోక్ ఇంజనుకి పెట్రోలులో 2టీ ఆయిల్ కలిపి పొయ్యాలి. ఫోర్ స్ట్రోక్‌కి ఒట్టి పెట్రోలే, ఇంజన్ ఆయిల్ విడిగా వేరే చోట పోస్తాం. కలిపే పాళ్ళు మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటాయి. 50కి 1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. చేతి అంచనా పనికిరాదు. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత ఒకటి దీనికే కేటాయించండి, మళ్ళీ మందుకి వాడొద్దు. ఆయిల్ ఎక్కువైతే పొగ, ప్లగ్గు మసి, సైలెన్సర్ పూడిక. తక్కువైతే, లేదా మర్చిపోయి ఒట్టి పెట్రోలు పోస్తే, పిస్టన్ పట్టేస్తుంది. అది రెండు వేలతో పోదు. మా ఆఫీసులో రెండు క్యాన్లకి రెండు రంగులు వేశాం. కలిపిన దానికి ఎరుపు, ఒట్టి దానికి తెలుపు. మిషన్ ట్యాంకు మూతకి కూడా అదే రంగు. చదవడం రాని అక్క కూడా తప్పు చెయ్యదు.

ఇందాక చెప్పిన పదిహేను నిమిషాల కథ. ట్యాంకు మూతలో గాలి లోపలికి వెళ్ళే సన్నని దారి ఉంటుంది. గడ్డి నుసి పట్టి అది మూసుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రాదు, పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఆగినప్పుడు మూత కొంచెం వదులు చేసి చూడండి. ఉస్సుమని గాలి పీల్చుకుని, ఆ తర్వాత ఇంజను నడిస్తే రోగం మూతలోనే ఉంది. కడిగి ఆరబెడితే చాలు, పైసా ఖర్చు లేదు. మూత వదులు చేసినా ఫలితం లేకపోతే ఇంజను చుట్టూ ఉన్న రేకుల సందులు చూడండి. సిలిండర్ చుట్టూ దువ్వెన పళ్ళలా ఉంటాయి, వేడి అక్కడి నుంచే బయటికి పోవాలి. గడ్డి పొట్టు అక్కడ పిడకలా పేరుకుంటే ఇంజను ఉడికిపోయి ఆగుతుంది.

ట్యాంకు లోపల పైపు చివర చిన్న ఫిల్టరు బరువుగా వేలాడుతుంటుంది. కొక్కెం చేసిన తీగతో పైపుని బయటికి లాగి చూడండి. స్లోలో నడిచి, రేజ్ ఇస్తే మాత్రం పడిపోయే ఇంజనుకి చాలాసార్లు ఇదే కారణం. ఎక్కువ పెట్రోలు కావాల్సినప్పుడు అది దారి ఇవ్వదు. ఆ పైపునే గోరుతో నొక్కి చూడండి. గట్టిబడి చీలికలు కనపడితే దొంగగాలి అక్కడి నుంచే వస్తోంది.

తర్వాత గాలి. ఎయిర్ ఫిల్టర్ మూత ఒక్క మరతో వస్తుంది. లోపల స్పాంజి ఉంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో పిసికి, పిండి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. కొన్నిటికి ఆరాక ఒక్క చుక్క ఇంజన్ ఆయిల్ రాసి పిండాలి, పుస్తకంలో రాసి ఉంటుంది. కాగితం ఫిల్టరైతే కడగకూడదు, నేలకి మెల్లిగా తట్టి దులపాలి, బాగా నల్లబడితే మార్చాలి. ఫిల్టరు లేకుండా నడిపితే ఇంజను హాయిగా ఉంటుందని కొందరు మగవాళ్ళు సలహా ఇస్తారు. వినకండి. మన తోటల్లో ఇసుక దుమ్ము లోపలికి పోతే పిస్టన్ అరిగిపోతుంది. చోక్ కూడా గాలి దారే. చల్లని ఇంజను లేపడానికి చోక్ వేసి, లేచాక పూర్తిగా తియ్యకుండా సగంలో వదిలేస్తే నల్ల పొగ వస్తుంది. మెకానిక్ దాకా వెళ్ళి చోక్ తీయించుకుని వచ్చిన మిషన్లు ఉన్నాయి మన మండలంలో. ఎవరివో చెప్పను లెండి.

ఇప్పుడు ప్లగ్గు. దీన్ని నేను ఇంజను నాలుక అంటాను. డాక్టరు నాలుక చూపించమంటాడు కదా, అలాగ. ఇంజను చల్లారాక టోపీ లాగి, ప్లగ్గు పానాతో విప్పి మొన చూడండి. లేత ఇటుక రంగులో, కాఫీ పొడి రంగులో ఉంటే లోపల అంతా సవ్యంగా ఉంది. లాంతరు చిమ్నీలా పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఫిల్టరు, చోక్ మళ్ళీ చూడండి. తడిగా పెట్రోలు వాసన వస్తుంటే లోపల మునిగిపోయింది. ప్లగ్గు తుడిచి, చోక్ తీసేసి, ప్లగ్గు లేకుండానే తాడు నాలుగైదు సార్లు లాగితే లోపలి పెట్రోలు బయటికి పోతుంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది. సున్నంలా తెల్లగా ఉంటే ఇంజను ఉడుకుతోంది, పెట్రోలు చాలడం లేదు. ఇలాంటి దాన్ని నడపడం ఆపేయాలి.

మసిని ఇత్తడి బ్రష్షుతో తుడవండి. మొనలో రెండు ముక్కల మధ్య సందు ఉంటుంది, మన చిన్న ఇంజన్లకి చాలా వాటికి అది 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. కొలవడానికి గేజి లేకపోతే ఇనుము కోసే మామూలు హాక్సా బ్లేడు వీపు వైపు మందం ఇంచుమించు అంతే ఉంటుంది, పళ్ళ వైపు కాదు. అది కొంచెం పట్టుకుని జారాలి. నిప్పు వస్తోందా లేదా అని ప్లగ్గు బయట పెట్టి తాడు లాగి చూసే అలవాటు ఉంది మెకానిక్‌లకి. చుట్టూ పెట్రోలు ఆవిరి ఉన్నప్పుడు అది ప్రమాదం, మనకి వద్దు. అనుమానం ఉంటే కొత్త ప్లగ్గు పెట్టి చూడ్డమే తేలిక. ప్లగ్గు ధర ఒక పూట కూలి కూడా కాదు. టోపీ వదులుగా ఉన్నా మిస్సింగ్ వస్తుంది, టక్కుమనే దాకా నొక్కండి.

పొగ దారి గురించి ఎక్కువ చెప్పేది లేదు. సైలెన్సర్ మూతిలో చాలా మిషన్లకి చిన్న జల్లెడ ఉంటుంది. టూ స్ట్రోక్ మిషన్లలో అది బొగ్గుతో పూడుకుపోతే ఇంజను లేస్తుంది గానీ బలం ఉండదు. చల్లారాక తీసి బ్రష్షుతో రుద్దాలి.

ఇంకొకటి, వణుకు. వణుకుని ఇంజను జబ్బు అనుకుంటాం. బ్రష్ కట్టర్‌లో స్లోలో ఉన్నప్పుడు బ్లేడు తిరగకూడదు. స్లోలో నున్నగా ఉండి, బ్లేడు తిరిగినప్పుడే చేతులు తిమ్మిరెక్కేలా వణికితే తప్పు ఇంజనులో లేదు, బ్లేడులో ఉంది. వంగి ఉంటుంది, ఒక పక్క అరిగి ఉంటుంది, లేదా నట్టు వదులైంది. బ్లేడు జోలికి వెళ్ళే ముందు ప్లగ్గు టోపీ లాగెయ్యాలి. ఇది మాత్రం ఎవరూ మినహాయింపు కాదు, ఒక్కసారికి ఏమవుతుందిలే అనే మాట వద్దు. ఆ నట్టు చాలా మిషన్లకి ఎడమ మర. మామూలుగా విప్పే వైపుకి తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది, కుడి వైపుకి తిప్పితే వదులవుతుంది. ఇది తెలీక పానా మీద కాలేసి తొక్కి మర చెడగొట్టుకుంటారు. లాన్ మూవర్ ఉన్న సంఘం వాళ్ళకి ఒక మాట: దానిలో బ్లేడు ఇంజను ఇరుసుకే ఉంటుంది. రాయికో వేరుకో గట్టిగా తగిలిన మరుక్షణం నుంచి ఇంజను మొరాయిస్తే, తాడు వెనక్కి గుంజితే, పైన చక్రంలో ఉండే చిన్న తాళపు ముక్క తెగి నిప్పు టైము తప్పిందేమో చూపించండి. మూవర్‌ని ఒరగబెట్టేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పై వైపుకి ఉండాలి. లేకపోతే ఆయిల్ ఫిల్టరులోకి దిగి, లేపగానే తెల్ల పొగతో మండపం అంతా నిండిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా ఇంజను ఊగుతుంటే అప్పుడు కార్బొరేటర్. దాని పక్కన రెండు మూడు చిన్న మరలు కనపడతాయి, వాటిని తిప్పాలని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. తిప్పొద్దు. నిన్నటిదాకా బాగా నడిచిన ఇంజనుకి రాత్రికి రాత్రే ఆ మరలు మారవు. చెత్త అడ్డం పడి ఉంటుంది. పవర్ వీడర్, మూవర్ కార్బొరేటర్లకి కింద చిన్న గిన్నె ఉంటుంది, దాని కింది మర వదులు చేస్తే అడుగున చేరిన నీళ్ళు, నలక దిగిపోతాయి, అక్కడిదాకా మనం చెయ్యొచ్చు. సన్న రంధ్రాల్లో సూది, తీగ పెట్టి పొడవకూడదు. రంధ్రం పెద్దదైతే ఇంక కొలత ఎప్పటికీ కుదరదు. కార్బొరేటర్ క్లీనర్ అని స్ప్రే దొరుకుతుంది, కళ్ళద్దాలు పెట్టుకుని అది కొట్టాలి. బ్రష్ కట్టర్ కార్బొరేటర్‌లో గిన్నె బదులు పల్చటి పొర ఉంటుంది. అది గట్టిబడితే మార్చాలి. అది మెకానిక్ పనే. అయితే పొర, ప్యాకింగ్‌లు కలిపి కిట్‌గా వస్తాయి, కార్బొరేటర్ మొత్తం కంటే చాలా తక్కువ. "కిట్ వేస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా" అని అడగండి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని అడగండి. ఈ రెండు మాటలు అడిగిన మనిషితో మెకానిక్ మాట తీరు మారుతుంది, నేను చూశాను. మంచి మెకానిక్‌కి ఆ ప్రశ్నలు కోపం తెప్పించవు.

తాడు లాగితే బరువు లేకుండా వట్టిగా వచ్చేస్తున్నా, లోపల ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు వచ్చినా, పెట్రోలు కారుతున్నా మన పని కాదు. ఆపేసి పంపెయ్యాలి.

బట్టల సంగతి కూడా చెప్పనివ్వండి. కొంగు, చున్నీ, వదులు జడ మిషన్ దగ్గరికి రాకూడదు. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని కొంగు లోపలికి దోపెయ్యండి, కాలికి బూట్లు, కంటికి అద్దాలు. చుట్టూ పదిహేను మీటర్లలో మనిషి గానీ పశువు గానీ ఉండకూడదు, రాయి ఎగిరితే తూటాలా వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ విన్నారు కదా, పాత పెట్రోలు, మూసుకున్న మూత, మసి ప్లగ్గు, పూడిన జల్లెడ. వీటిలో ఒక్క రోజులో వచ్చేది ఏదైనా ఉందా? రాయి దెబ్బ తప్ప ఏదీ లేదు. నెలల తరబడి పేరుకున్నవి. పదిమంది చేతులు మారిన మిషన్ పదకొండో మనిషి చేతిలో ఆగుతుంది. ఆ పదకొండో మనిషిని పట్టుకుని రిపేరు కట్టమనడం న్యాయం కాదు. పైగా ఆ కట్టుబాటు వల్ల ఇంకో నష్టం ఉంది. మిషన్ కొంచెం తేడాగా నడుస్తుంటే నోరు మూసుకుని, తుడిచి, తర్వాతి మనిషికి అంటగడతాం. చిన్నగా ఉన్నప్పుడు చెప్తే ప్లగ్గుతో పోయేది, దాచడం వల్ల పిస్టన్ దాకా వస్తుంది. పేద మనిషికి భయం ఎక్కువ, ఆమె మిషన్ అద్దెకి తీసుకోవడమే మానేస్తుంది. ఆ మీటింగు తర్వాత మా పిన్ని రెండు వారాలు మిషన్ ముట్టుకోలేదు, కొడవలితోనే కోసుకుంది. ఆమె తప్పు లేదని అందరి ముందూ తేలాక కూడా.

మా సంఘం ఆ కట్టుబాటు తీసేసి కొత్తది రాసుకుంది. మిషన్ వెంట ఒక నోటు పుస్తకం వెళ్తుంది. ఎన్ని గంటలు నడిచింది, పెట్రోలు ఎప్పుడు కొన్నది, ఫిల్టరు ఎప్పుడు కడిగింది, ప్లగ్గు ఏ రంగులో ఉంది, నడకలో తేడా ఏమైనా ఉందా. రాయడం రాని వాళ్ళకి వాళ్ళ పిల్లలు రాస్తారు. తేడా ఉందని రాసిన మనిషి మీద రిపేరు పడదు, సంఘం నిధి నుంచే. రాయి దెబ్బ, తప్పు పెట్రోలు లాంటివి ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకుంటాం. క్యాను మీద కొన్న తేదీ బిళ్ళ కడతాం, నెల దాటితే మిషన్‌లో పొయ్యం. సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, కార్బొరేటర్‌లో కూడా చుక్క లేకుండా చేసి దాచుతున్నాం.

సమాఖ్య ముందు రెండు కోరికలు పెడుతున్నాను. ఒకటి, శుభ్రం చేసే అరగంటకి కూలి. బాడుగలో ఆపరేటరుకి నడిపిన గంటలకే వాటా ఇస్తున్నాం. ఫిల్టరు కడిగిన అరగంట ఎవరి లెక్కలోకీ రాదు. ఇంట్లో చాకిరీ లాగే, చేస్తే కనపడదు, చెయ్యకపోతే కనపడుతుంది. ఆ అరగంట బాడుగ లెక్కలో రాయాలి. దీనికి వ్యతిరేకంగా మాట్లాడే వాళ్ళు ఉన్నారని తెలుసు, బాడుగ పెరిగితే రైతులు రారంటారు. మిషన్ వారం రోజులు మెకానిక్ షాపులో ఉంటే ఎలాగూ రారు. రెండు, మండల ఆఫీసులో ఒక పెట్టె. నాలుగు రకాల ప్లగ్గులు, ఫిల్టర్లు, పెట్రోలు పైపు, రబ్బరు బుడ్డి, స్టార్టర్ తాడు. ఇవి లేకే పట్నానికి ఒక రోజు బస్సు ఖర్చు, ఒక రోజు కూలి పోతున్నాయి. కొన్న ధరకే సంఘాలకి ఇస్తే చాలు, లాభం అక్కర్లేదు.

ఈ రెండూ తీర్మానాల పుస్తకంలో రాయించి, చర్చకు పెట్టమని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాను.

భోజనాల తర్వాత హాలు వెనక వేపచెట్టు కింద మా మిషన్, కల్యాణ మండపం వాళ్ళ మూవర్ పెట్టి ఉంటాయి. ప్లగ్గు విప్పడం ఒక్కొక్కరి చేతా చేయిస్తాను. మీ మిషన్ ప్లగ్గు తెచ్చుకున్న వాళ్ళు చీటీ మీద సంఘం పేరు రాసి నాకు ఇవ్వండి, కలిసి చూద్దాం. సెలవు.